మ్యాన్ ఆర్ ఆస్ట్రో-మ్యాన్? ఇ.పి.లు: ఏళ్ల తరబడి విన్నాక

మ్యాన్ ఆర్ ఆస్ట్రో-మ్యాన్? బ్యాండ్‌ని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే, ఎల్పీల (పెద్ద రికార్డుల) జోలికి తర్వాత వెళ్లండి, ముందు ఇ.పి.లు (కొద్ది పాటలే ఉండే చిన్న రికార్డులు) వినండి అంటాను. 1990ల మొదట్లో అలబామా రాష్ట్రంలోని ఆబర్న్‌లో మొదలైన బ్యాండ్ ఇది. తాము మనుషులం కాదని, అంతరిక్షం నుంచి వచ్చి ఇక్కడ కూలిపోయామని చెప్పుకుంటారు. స్టార్ క్రంచ్, బర్డ్‌స్టఫ్, కోకో ది ఎలక్ట్రానిక్ మంకీ విజార్డ్ అన్నవి వాళ్లు పెట్టుకున్న పేర్లు. ఈ వేషాన్ని ఎల్పీ అంతా నిలబెట్టడం కష్టం. 7 అంగుళాల చిన్న రికార్డులో మాత్రం కొలిచి కుట్టినట్టు సరిపోతుంది.

నేను ఎమ్మెస్ చేసింది ఆ ఆబర్న్‌లోనే. సముద్రం దరిదాపుల్లో లేని ఊరు. ఈ బ్యాండ్ వాయించే సర్ఫ్ రాక్ ఏమో కాలిఫోర్నియా బీచ్‌ల దగ్గర పుట్టిన గిటార్ సంగీతం. గిటారిస్ట్ డిక్ డేల్ లావు తీగల మీద ఆగకుండా మీటుతూ ‘మిసిర్లూ’ వాయించింది 1962లో. అదే ఏడాది టెల్‌స్టార్ ఉపగ్రహం పైకి వెళ్లింది, దాని పేరుతోనే ఇంగ్లండ్‌కి చెందిన టోర్నడోస్ బ్యాండ్ వాయించిన పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. 1964లో వెంచర్స్ అనే గిటార్ బ్యాండ్ వాళ్లు పూర్తిగా అంతరిక్షం మీదే ఒక ఎల్పీ చేశారు. అంటే గిటార్‌కీ రోదసికీ చుట్టరికం పాతదే. ఆబర్న్ కుర్రాళ్లు దానికి పంక్ వేగాన్ని, పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల డైలాగుల్ని కలిపారు.

మన ఇళ్లలో ఇ.పి. అంటే హెచ్ఎంవీ వాళ్ల సినిమా పాటల రికార్డు. చాలావాటిలో పక్కకి రెండేసి పాటలు, సినిమాలో బాగా ఆడినవి ఏరి వేసేవారు. ఈ బ్యాండ్ ఇ.పి. అలా ఏరి పెట్టినట్టు ఉండదు. ముల్లు పెట్టగానే ఏదో పాత సినిమాలో శాస్త్రవేత్త గొంతు హెచ్చరిక చేస్తుంది. ఆ మాట పూర్తయ్యీ అవకముందే డ్రమ్స్ మీద పడతాయి. పాట అయిపోగానే మళ్లీ ఇంకో గొంతు, లేకపోతే యంత్రాల కూతలు. ఆ ముక్కలన్నీ కలిసి ఒక చిన్న కథలా నడుస్తాయి. పక్క తిప్పడానికి లేవడం కూడా అందులో భాగమే అనిపిస్తుంది నాకు.

ఇక గిటార్ శబ్దం. సర్ఫ్ గిటార్‌కి ప్రాణం స్ప్రింగ్ రివర్బ్, అంటే స్ప్రింగులతో శబ్దానికి ప్రతిధ్వని చేర్చే పరికరం. గిటార్లు చేసే ఫెండర్ కంపెనీ దీన్ని 1961లో విడిగా ఒక పెట్టెలా అమ్మడం మొదలుపెట్టింది. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ ఆ పెట్టెలోని స్ప్రింగుల గుండా పోయి తడి తడిగా బయటికొస్తుంది. తీగని అరచేత్తో నొక్కి పట్టి పొట్టిగా మీటితే ‘టప్’ మని నీటి చుక్క పడ్డట్టు వినిపిస్తుంది. సర్ఫ్ అభిమానులు దీన్ని డ్రిప్ అంటారు. గిటార్ వాయించే స్టార్ క్రంచ్ వాయింపులో ఈ డ్రిప్ పుష్కలం. నా దగ్గరున్న ఇ.పి.లలో అది మొహం మీద చిందినట్టుంటుంది. ఇవే పాటల్లో చాలావరకు తర్వాత సీడీ సంకలనాల్లో వచ్చాయి, నేను అవీ విన్నాను. శుభ్రంగానే ఉంటాయి, కానీ వరసగా ఇరవై పాటలు వింటే ఏది ఏదో గుర్తుండదు.

ఇన్నేళ్ల వాడకంలో తెలిసిన ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటిది స్పీడు. చిన్న రికార్డు కదా, నిమిషానికి 45 చుట్లు తిరిగేదనుకుని పెట్టేస్తాం. కానీ ఇ.పి.లు 33లో కూడా వస్తాయి. ఎక్కువ పాటలకు గాత్రం ఉండదు కాబట్టి తప్పు స్పీడులో పెట్టినా వెంటనే తెలియదు, ఎలాగూ ఈ బ్యాండ్ వేగం అంతే! ఒకసారి ఇంటికొచ్చిన ఫ్రెండ్ అలాగే పెట్టి తల ఊపుతూ కూర్చున్నాడు. మధ్యలో సినిమా డైలాగు ఉడత గొంతుతో వచ్చేసరికి గానీ బయటపడలేదు. లేబుల్ మీద చూసి పెట్టండి.

రెండోది అరుగుదల. గిటార్ ఆగాక ప్రతిధ్వని తోక నెమ్మదిగా చల్లారే చోట చిటపటలు బాగా బయటపడతాయి. డ్రమ్స్ మోగుతున్నంతసేపూ ఏ గీతా వినపడదు, డైలాగుల దగ్గర మాత్రం అన్నీ వినిపిస్తాయి. లేబుల్‌కి దగ్గరయ్యే కొద్దీ సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు మోగించే లోహపు పళ్లాలు) శబ్దం గరగరలాడుతుంది. మంచి ముల్లు వేస్తే తేడా చాలా ఉంటుంది, నేను టర్న్‌టేబుల్ మార్చడం కంటే ముల్లు మార్చడం మీదే ఖర్చు పెట్టాను.

అట్టలు పల్చటి కాగితం, మడతల దగ్గర చిరుగుతాయి. ఆన్‌లైన్‌లో ఒకతను కొత్తలాంటిదని చెప్పి పంపింది చూస్తే, దారిలో రికార్డు అంచు కోసుకుని అట్ట పైభాగం అంతా చీలిపోయింది. అప్పటినుంచి ఎవరి దగ్గర కొన్నా, రికార్డుని అట్టలోంచి తీసి దాని వెనక విడిగా పెట్టి పంపమని ముందే రాస్తున్నాను. అట్టకి అంత పట్టింపు ఎందుకంటే, ఈ బ్యాండ్ విషయంలో అట్ట కూడా సరుకే. 1950ల నాటి సైన్స్ పత్రికలా, విజ్ఞాన పరికరం కొంటే వచ్చే మాన్యువల్‌లా తయారు చేస్తారు. వెనకవైపు అచ్చేసిన కల్పిత సాంకేతిక సమాచారం చదువుతూ వింటే ఆ లోకం పూర్తవుతుంది.

తొలినాటి రికార్డులు చాలా వరకు వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లోని ఎస్ట్రస్ రికార్డ్స్ వేసింది. 1997లో ఆ సంస్థ గోదాము కాలిపోయింది, సరుకు బుగ్గయింది. అందుకే శుభ్రమైన కాపీ దొరికితే బేరాలాడుతూ కూర్చోవద్దు.

ఏది కొనాలి? నాకు అన్నిటికంటే ఇష్టం 1995 నాటి ‘వరల్డ్ అవుట్ ఆఫ్ మైండ్!’. పార్టీకి పనికొచ్చే హుషారు, రోదసిలో దారితప్పిన బెంగ రెండూ అందులో ఉన్నాయి. 1996లో షికాగోకి చెందిన టచ్ అండ్ గో సంస్థ వేసిన ‘డీలక్స్ మెన్ ఇన్ స్పేస్’ కాస్త బిగువుగా, ముదురు రంగులో ఉంటుంది, బర్డ్‌స్టఫ్ డ్రమ్స్ కోసమైనా వినాలి. 1997 నాటి ‘1000ఎక్స్’కి వచ్చేసరికి సర్ఫ్ పల్చబడి యంత్రాల శబ్దాలు ముందుకొచ్చాయి. నాకు నచ్చడానికి చాలాకాలం పట్టింది, ఇప్పటికీ మొదటి రికార్డుగా దాన్ని ఎవరికీ చెప్పను.

చాలా ఏళ్ల విరామం తర్వాత మళ్లీ కలిసి ‘అనలాగ్ సిరీస్’ పేరుతో 7 అంగుళాల రికార్డులు వేశారు. పాత రికార్డుల ధర చూసి వెనకాడేవాళ్లు అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు. వాయింపులో చురుకు తగ్గలేదు, సినిమా గొంతులు మాత్రం తొలి రికార్డుల్లోనే నాకు ఎక్కువ ముద్దొస్తాయి.