గ్రామ్ పార్సన్స్ రెండు ఆల్బములు, ఒకే సీడీ

అమెరికా జానపద బాణీల కంట్రీ సంగీతాన్ని రాక్‌తో కలిపిన కంట్రీ రాక్ గాయకుడు, గీత రచయిత గ్రామ్ పార్సన్స్ తన పేరు మీద చేసిన స్టూడియో ఆల్బములు రెండే: 1973లో వచ్చిన ‘జి.పి.’, 1974లో వచ్చిన ‘గ్రీవస్ ఏంజెల్’. రెండోది విడుదలయ్యేనాటికి ఆయన లేరు; 1973 సెప్టెంబరు 19న, 26 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని జాషువా ట్రీలో మరణించారు. ఈ రెండు ఆల్బముల 20 పాటలనూ ఒకే డిస్కులో ఇచ్చిన సీడీని తెప్పించుకుని, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో మూడు వారాలుగా వింటున్నాను. పెట్టె మూల పగిలి వచ్చింది కానీ డిస్కు మీద గీత పడలేదు.

ఫ్లోరిడాలో పుట్టి జార్జియాలో పెరిగిన పార్సన్స్, 1968లో బర్డ్స్ బృందంలో కొద్ది నెలలే ఉన్నా, ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ ఆల్బముతో ఆ రాక్ బృందాన్ని కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరపు బాణీ వైపు మళ్లించారు. మరుసటి ఏడాది బర్డ్స్ సహచరుడు క్రిస్ హిల్‌మన్‌తో కలిసి ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ పేరుతో మరో ఆల్బము చేశారు. ఆ రోజుల్లో ఇవేవీ పెద్దగా అమ్ముడుపోలేదు.

ఈ సీడీకి ప్రాణం పార్సన్స్ గొంతుకు గాయని ఎమ్మీలూ హ్యారిస్ గొంతు తోడైన చోట ఉంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో నిలయ విద్వాంసుడిగా వయొలిన్ వాయించి పదవీ విరమణ చేసిన మా మేనమామ ‘లవ్ హర్ట్స్’ పాట విని, “అబ్బాయి స్వరం నిలవడం లేదురా, ఆ అమ్మాయే చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది” అన్నారు. నాకూ అలాగే వినిపించింది. పార్సన్స్ గొంతు వణికి, శ్రుతి అంచున తడబడే చోట ఆమె పై స్వరం కదలకుండా నిలబడుతుంది. ఆ వణుకును దాచకుండా దానికి చోటిస్తుంది. వెనక అల్ పర్కిన్స్ పెడల్ స్టీల్ గిటారు, మన పాత సినిమా పాటల్లోని హవాయన్ గిటారులా, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతూ వెళుతుంది.

రచయితగా పార్సన్స్ పనితనం ‘థౌజండ్ డాలర్ వెడ్డింగ్’లో తెలుస్తుంది. శుభలేఖలన్నీ పంచాక వధువు వెళ్లిపోతుంది. ఎక్కడికో, ఎందుకో పాట చెప్పదు. ఆ ఒక్క మాట చెప్పకుండానే పెళ్లి పందిట్లోకి చావు వాతావరణం తెచ్చిన రచన అది. నేను ఎక్కువసార్లు విన్నది దీన్నే.

నచ్చనిది ఒకటుంది. ‘గ్రీవస్ ఏంజెల్’ మధ్యలో రెండు పాటలను కలిపి, స్టూడియోలో పాడినదానికి జనం చప్పట్లు, కేకలు అతికించి కచేరీలా వినిపించారు. ఆ గోలలో ‘హికరీ విండ్’ లాంటి ఆర్ద్రమైన పాట మునిగిపోయింది. నేను దాన్ని దాటించి వింటున్నాను.

చివరి పాట ‘ఇన్ మై అవర్ ఆఫ్ డార్క్‌నెస్’, మూడు చరణాల్లో చనిపోయిన ముగ్గురు ఆత్మీయులను తలచుకుంటుంది. ఆయన దాన్ని పాడింది తన చివరి వేసవిలో. అది అయ్యాక మామయ్య, “మరి ఆ అమ్మాయి ఏమైందిరా?” అని అడిగారు. ఈ ఆల్బముల్లో వాయించిన జేమ్స్ బర్టన్, గ్లెన్ హార్డిన్‌లను తన బృందంలో చేర్చుకుని ఆమె పాడుతూనే వచ్చిందని చెప్పాను. 1975లో వచ్చిన ఆమె ‘పీసెస్ ఆఫ్ ది స్కై’ కూడా తెప్పించమన్నారు.