అలాస్కా క్రూయిజ్: సియాటిల్‌లో ఎక్కాలా, వాంకూవర్‌లో ఎక్కాలా?

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారంటే, నయాగరా, లాస్ వేగాస్ చూపించేశాక అమెరికాలోని తెలుగు ఇళ్లలో తర్వాత వినబడే మాట అలాస్కా. పెద్దవాళ్లు రోజుకో హోటల్ మారక్కర్లేదు, గంటల కొద్దీ కారులో కూర్చోనక్కర్లేదు, సూట్‌కేసు ఒకసారి సర్దుకుంటే వారం దాకా దాని జోలికి పోనక్కర్లేదు. ఇంతవరకు అందరిదీ ఒకే మాట. పేచీ వచ్చేది ఓడ ఎక్కడ ఎక్కాలన్న దగ్గరే. సియాటిల్‌లో ఎక్కి మళ్లీ సియాటిల్‌లోనే దిగే ఏడు రాత్రుల ట్రిప్పు ఒకటి. కెనడాలోని వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లోనే దిగేది రెండోది. వాంకూవర్‌లో ఎక్కి, ఎక్కడో ఉత్తరాన అలాస్కాలోని విట్టియర్‌లోనో స్యూవర్డ్‌లోనో దిగిపోయేది మూడోది.

మనవాళ్లలో చాలామంది ఆలోచించకుండా సియాటిల్ అనేస్తారు. ఎందుకని అడిగితే, "కెనడా వీసా గొడవ ఉండదు కదా" అంటారు. సియాటిల్‌కి మంచి కారణాలు వేరే ఉన్నాయి గానీ, ఇది మాత్రం కాదు. ముందు దీని సంగతి తేల్చుకుంటే మిగతాది సులువు.

అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. పేరు ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా అమెరికా రేవుల్లోనే తిప్పి దింపడానికి ఈ చట్టం ఒప్పుకోదు. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, బెర్ముడా, పనామా లాంటి చోట్ల రిజిస్టరైనవే. అందుకే సియాటిల్ ఓడలు ఎక్కడో ఒకచోట కెనడా నేలను తాకి తీరాలి. ఎక్కువగా ఆ చోటు విక్టోరియా. కోవిడ్ రోజుల్లో కెనడా తన రేవులు మూసేస్తే, ఈ ఓడలు నడవడానికి అమెరికా 2021లో తాత్కాలికంగా ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

అంటే సియాటిల్‌లో ఎక్కినా ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా కావాల్సిందే. బి-2 విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకూ కావాలి, హెచ్-1బి ఉద్యోగ వీసా, వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్-4 మీద ఉన్నవాళ్లకూ కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు వెంట ఉంటే చాలు. "విక్టోరియాలో మేం దిగం, ఓడలోనే కూర్చుంటాం" అంటే కుదరదు. సియాటిల్ రేవులో చెకిన్ దగ్గరే పత్రాలు చూస్తారు. వీసా లేకపోతే అక్కడే ఆపేస్తారు, కట్టిన డబ్బు తిరిగి రాదు.

వీసా ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. వేలిముద్రలు అమెరికాలోనే ఇవ్వొచ్చు. తర్వాత స్టిక్కర్ కోసం పాస్‌పోర్టు పంపాలి. మొత్తానికి వారాలు పడుతుంది గానీ రోజుల్లో అయ్యేది కాదు. అందుకే, పెద్దవాళ్లు ఇండియాలో ఉండగానే అప్లై చేయించడం మేలు. హెచ్-1బి స్టాంపింగ్ గడువు దాటినవాళ్లు కెనడాకి వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొస్తే, కొత్త స్టాంపింగ్ లేకుండానే రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. దానికి ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువులో ఉండాలి, కెనడాలో ఉండగా కొత్త అమెరికా వీసాకి అప్లై చేసి ఉండకూడదు. దీని మీద ఆధారపడేవాళ్లు ఒకసారి లాయర్‌తో మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. బి-2 పెద్దవాళ్లు కెనడా వెళ్లొస్తే కొత్తగా ఆరు నెలలు ఇస్తారని మాత్రం లెక్కలేసుకోవద్దు.

వీసా ఎలాగూ తప్పదని తేలింది కాబట్టి, అసలు పోలిక ఇప్పుడు మొదలవుతుంది. దీన్ని తేల్చేది టికెట్ ధర కాదు, ఓడ వెళ్లే నీళ్లు.

వాంకూవర్‌లో బయల్దేరిన ఓడ లయన్స్ గేట్ వంతెన కిందుగా బయటికి వచ్చి వాంకూవర్ ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న ఇన్‌సైడ్ ప్యాసేజ్‌లోకి పోతుంది. రెండు పక్కలా కొండలు, అడవులు, మధ్యలో చెరువులా నిలకడగా ఉన్న నీళ్లు. ఈ దారిలో సీమోర్ నారోస్ అనే ఇరుకు చోటు ఉంది. అక్కడ పోటు వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు ప్రవాహం ఎంత జోరుగా ఉంటుందంటే, నీళ్లు నిలకడగా ఉండే వేళ చూసుకుని ఓడలు దాటుతాయి. అక్కడే నీటి అడుగున రిపుల్ రాక్ అనే బండ ఉండేది. ఎన్నో ఓడలను ముంచిన ఆ బండను 1958 ఏప్రిల్ 5న పేల్చేశారు. అణుబాంబు కాని అతిపెద్ద పేలుళ్లలో దాన్నొకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. వేసవిలో చీకటి ఆలస్యంగా పడుతుంది కాబట్టి, మొదటి సాయంత్రం డెక్ మీదే గడిచిపోతుంది.

సియాటిల్ ఓడలు సాధారణంగా ఈ దారి పట్టవు. హువాన్ డి ఫూకా జలసంధి గుండా పసిఫిక్‌లోకి వెళ్లి, వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు నుంచి పైకి సాగుతాయి. మొదటి రోజంతా నడి సముద్రమే. ఒడ్డు కనిపించదు, కెరటం ఉంటుంది. పెద్ద ఓడలో కొందరికి అసలు తెలియనే తెలియదు, కొందరికి మాత్రం కడుపులో తిప్పడం, తల తిరగడం తప్పదు. డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లకు సెలవులో మొదటి రోజే అలా అయితే తర్వాతి రెండు రోజులు ఏం చూపించినా ఎక్కదు. వాంకూవర్ దారిలోనూ క్వీన్ షార్లెట్ సౌండ్ దగ్గర కొన్ని గంటలు సముద్రం తెరుచుకుంటుంది, కానీ అది గంటల సంగతే. ఎక్కడ ఎక్కినా, పడనివాళ్లకి ఓడ నడిమధ్యన, కింది డెక్‌లో గది తీసుకోండి. పై డెక్‌లో ముందు వైపు గదికే ఊపు ఎక్కువ, చిత్రంగా ధర కూడా దానికే ఎక్కువ ఉంటుంది.

దారి మారడం వల్ల రేవుల్లో దొరికే సమయమూ మారుతుంది. సియాటిల్ నుంచి దూరం ఎక్కువ, పైగా విక్టోరియాకీ టైమివ్వాలి. దాంతో కొన్ని షెడ్యూళ్లలో అలాస్కా రేవైన కెచికాన్‌లో పొద్దున్నే దిగి మధ్యాహ్నం భోజనాల వేళకే తిరిగి ఎక్కేయాలి. విక్టోరియాకి చేరేది చాలాసార్లు సాయంత్రం పూట. బుచార్ట్ గార్డెన్స్ చూద్దామని ఆశపడ్డవాళ్లు పరుగో పరుగు. నన్నడిగితే విక్టోరియా అందమైన ఊరే, కానీ ఆ ట్రిప్పులో అది చట్టం కోసం ఆగిన రేవు మాత్రమే. వాంకూవర్ ఓడలకు ఈ బెడద లేదు.

ఇక గ్లేసియర్లు, అంటే మెల్లగా జారే మంచు నదులు. అలాస్కా వెళ్లేదే వాటి కోసం. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది: ప్రతి అలాస్కా క్రూయిజ్ గ్లేసియర్ బేకి వెళ్లదు. ఆ నేషనల్ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే రానిస్తారు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా కంపెనీల ఓడలు అక్కడికి ఎక్కువగా వెళ్తాయి, రెండు నగరాల నుంచీ. అక్కడ ఓడ ఎక్కడా ఆగి దింపదు. పార్కు రేంజర్లే చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కి, మైకులో వివరిస్తూ వెంట ఉంటారు. 1794లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ బృందం సర్వేకి వచ్చినప్పుడు ఆ అఖాతం దాదాపు మొత్తం మంచుగడ్డే. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు 30 మైళ్లకు పైగా వెనక్కి జరిగింది. ఇప్పుడు ఓడలు లోపలి దాకా వెళ్లి మార్జరీ గ్లేసియర్ ఎదుట ఆగి, మెల్లగా చుట్టూ తిరుగుతాయి. బాల్కనీ ఏ వైపు ఉన్నా ఆ రోజు ఇబ్బంది లేదు.

గ్లేసియర్ బే లేని ట్రిప్పుల్లో దానికి బదులు ఎండికాట్ ఆర్మ్ అనే ఇరుకు సముద్రపు పాయలోని డాస్ గ్లేసియరో, హబ్బర్డ్ గ్లేసియరో ఉంటుంది. ఇదివరకు అలాంటిదే ఇంకో పాయ, ట్రేసీ ఆర్మ్ ఎక్కువగా ఉండేది. 2025 ఆగస్టులో అక్కడ పెద్ద కొండచరియ విరిగి నీళ్లలో పడి, భారీ కెరటం లేచింది. పాత యూట్యూబ్ వీడియోలు చూసి ట్రేసీ ఆర్మ్ చూస్తామనుకునేవాళ్లు తమ బుకింగ్‌లో ఏముందో మళ్లీ చదువుకోండి. గ్లేసియర్ బే ఉంటే, నా లెక్కలో అది ఎక్కడ ఎక్కాలన్న ప్రశ్న కన్నా పెద్దది. గ్లేసియర్ బే ఉన్న సియాటిల్ ట్రిప్పు, అది లేని వాంకూవర్ ట్రిప్పు పక్కపక్కన పెడితే నేను సియాటిల్‌దే తీసుకుంటాను.

మరి సియాటిల్‌కి ఉన్న అసలు బలాలేంటి? మొదటిది విమానాలు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సియాటిల్‌కి దేశీయ టికెట్టు. ఇమిగ్రేషన్ లైన్లుండవు, పోర్టుకి దగ్గరే హోటళ్లు. వాంకూవర్‌కి అంతర్జాతీయ టికెట్టు, లేదా సియాటిల్‌లో దిగి దాదాపు 140 మైళ్లు కారులో, మధ్యలో సరిహద్దు దగ్గర ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అది చాలక, వాంకూవర్ రేవులో ఓడ ఎక్కే ముందే అమెరికా అధికారుల తనిఖీ ఉంటుంది. ఒకేరోజు రెండు మూడు ఓడలుంటే ఆ క్యూలో పెద్దవాళ్లకి కాళ్లు పట్టేస్తాయి. వీల్‌చెయిర్ ముందే అడిగి పెట్టుకోవాలి. రెడ్‌మండ్‌లోనో బెల్‌వ్యూలోనో ఉండేవాళ్లయితే ఈ చర్చే అనవసరం, ఇంటి నుంచి అరగంటలో పోర్టు.

రెండోది పిల్లలు. నార్వేజియన్ బ్లిస్ లాంటి ఓడలో గో-కార్ట్ ట్రాక్ ఉంది. రాయల్ కరీబియన్ క్వాంటమ్ తరగతి ఓడల్లో గాల్లో తేలే స్కైడైవింగ్ గొట్టం ఉంది. ఇలాంటి భారీ ఓడలు సియాటిల్ నుంచే ఎక్కువ. లయన్స్ గేట్ వంతెన కింద ఖాళీ సుమారు 61 మీటర్లు కావడంతో, మరీ ఎత్తైన ఓడలకు వాంకూవర్ ఇరకాటం. పదేళ్ల పిల్లాడికి కొండలు చూస్తూ కూర్చోమంటే కూర్చోడు. వాడున్న ఇంటికి నేను సియాటిలే చెబుతాను.

రేవుల్లో చూసేవి మాత్రం రెండింట్లోనూ ఒకటే. జునో రాష్ట్ర రాజధాని, అయినా బయటి ఊళ్ల నుంచి రోడ్డు లేదు. అక్కడ మెండెన్‌హాల్ గ్లేసియర్, తిమింగలాల బోటు. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే తిమింగలాల మీదే పెట్టండి. స్కాగ్వేలో 1898 నాటి బంగారం వేట కోసం మొదలైన వైట్ పాస్ నారో గేజ్ రైలు ఉంది. శిఖరం దాకా వెళ్లి వెనక్కి తిరిగే ట్రిప్పు పెద్దవాళ్లకి హాయిగా ఉంటుంది. యూకాన్ లోపలికి పోయేదైతే మళ్లీ కెనడాలో అడుగుపెట్టినట్టే, పాస్‌పోర్టు, వీసా వెంట ఉండాలి. కెచికాన్‌లో ఏడాది వాన మన విశాఖలో పడేదానికి దాదాపు మూడింతలు. గొడుగు కన్నా రెయిన్‌కోటు నయం.

మూడో దారి, అంటే వాంకూవర్‌లో ఎక్కి పైన దిగేది, చూడటానికి అన్నిటికన్నా గొప్పది. వెనక్కి రానక్కర్లేదు కాబట్టి హబ్బర్డ్, కాలేజ్ ఫియోర్డ్ లాంటివి కలుస్తాయి. దిగాక రైల్లో డెనాలీ నేషనల్ పార్కుకి వెళ్లొచ్చు. ఇందులో కుడివైపు బాల్కనీ తీసుకుంటే తీరం కనిపిస్తుంది. కానీ అలాస్కా గల్ఫ్ దాటేటప్పుడు ఓడ బాగా ఊగొచ్చు, రెండు వైపులా విమాన టికెట్లు వేర్వేరు, డెనాలీకి ఇంకో మూడు నాలుగు రోజులు సెలవు. సెలవు, ఓపిక రెండూ ఉన్న దంపతులకు ఇదే. తల్లిదండ్రులు, పసిపిల్లలు ఉన్న బృందానికి వద్దంటాను.

తిండి గురించి అందరూ భయపడతారు గానీ, అది తేలిగ్గా సర్దుకునే విషయం. బుకింగ్ అప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించి, ఎక్కిన రోజు రాత్రి డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌కి చెబితే మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం వస్తాయి. సీలు తీయని ఆవకాయ, కందిపొడి వెంట ఉంటే పెద్దవాళ్లు సర్దుకుపోతారు. రైస్ కుక్కర్, కెటిల్ మాత్రం ఓడలోకి రానివ్వరు. అంతకన్నా ముఖ్యమైనది ఇన్సూరెన్స్. పెద్దవాళ్లకు తీసుకున్న విజిటర్ పాలసీ ఓడలో జరిగే వైద్యానికి, ఓడ నుంచి ఆస్పత్రికి తరలించడానికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఓడలో డాక్టరు ఉంటారు, బిల్లు అక్కడికక్కడే మీ ఖాతాలో పడుతుంది.

ఇంతా చేశాక కెనడా వీసా టైముకి రాలేదనుకోండి. అప్పుడు విమానంలో యాంకరేజ్ వెళ్లండి. సియాటిల్ నుంచి మూడున్నర గంటలు. అక్కడి నుంచి విట్టియర్‌కో స్యూవర్డ్‌కో పోతే పొద్దున ఎక్కి సాయంత్రం దింపే గ్లేసియర్ బోట్లు ఉంటాయి. అంతా అమెరికాలోనే కాబట్టి కెనడా ఊసే రాదు. ఓడలో పడుకోవాలన్న ముచ్చట ఉన్నవాళ్లకు వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ నుంచి కెచికాన్‌కి అలాస్కా ప్రభుత్వ ఫెర్రీ ఉంది. అమెరికా జెండా ఓడ కావడంతో మధ్యలో కెనడాలో ఆగదు, ఒకటిన్నర రోజు పైచిలుకు ప్రయాణం. వాంకూవర్ ఓడలు వెళ్లే ఇన్‌సైడ్ ప్యాసేజ్ గుండానే వెళ్తుంది. వినోద కార్యక్రమాలేవీ ఉండవు. క్యాబిన్లు తక్కువ, కుర్రాళ్లు డెక్ మీదే టెంట్లు వేసుకుంటారు. పెద్దవాళ్లుంటే క్యాబిన్ దొరికాకే మిగతావి బుక్ చేయండి.