అరిగిన నాపరాయి మెట్ల మీద గ్రానైట్ పలకలు: ఐదేళ్ల వాడకం తర్వాత

పాత మెట్లు పగలగొట్టకుండా వాటి మీదే కొత్త పలకలు వేయించుకోవడం మాకు కలిసొచ్చింది. అయితే రాయి ఏ రంగుది, ఏ ఊరి గనిది అని అందరూ చేసే చర్చలో సగమైనా మొదటి మెట్టు, చివరి మెట్టు ఎత్తుల గురించి జరగాలి. ఈ పని బాగుంటుందా పాడవుతుందా అన్నది అక్కడే తేలుతుంది.

మాది ఒంగోలులో 1980ల చివర్లో కట్టిన ఇల్లు. కింద మేం, పైన అద్దెకున్నవాళ్లు. పైకి వెళ్లడానికి బయట మెట్లు తప్ప ఇంకో దారి లేదు. మొదటి వరస ఆరుబయట ఉంటుంది, ల్యాండింగ్ దగ్గర మలుపు తిరిగాక రెండో వరస శ్లాబు నీడలో ఉంటుంది. అప్పట్లో వేసినవి బేతంచర్ల నాపరాళ్లు. అంచులు గుండ్రంగా అరిగిపోయి, మధ్యలో పళ్లెంలా గుంటలు పడ్డాయి. వాన పడితే వాటిలో నీళ్లు నిలిచేవి. సిలిండర్లు తెచ్చే కుర్రాళ్లు ఒక్కో మెట్టు మీద దించుకుంటూ ఎక్కడంతో అంచులు పెచ్చులు లేచాయి. నాపరాయి సున్నపురాయి జాతి. అందులో ప్రధానంగా ఉండే కాల్సైట్ గట్టిదనం మోస్ కొలతలో 3, గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్‌ది 6. చెప్పులకు అంటుకొచ్చే ఇసుక కాల్సైట్ కన్నా గట్టిది. అందుకే జనం తిరిగే చోట నాపరాయి అరగక తప్పదు.

పగలగొట్టి కొత్తవి కట్టిస్తే పైవాళ్లు అన్ని రోజులూ ఎక్కడికి పోతారు? పలకలైతే మెట్టు విడిచి మెట్టు వేస్తారు. ముందు ఒకటి, మూడు, ఐదు వేసి, అంటుకున్నాక రెండు, నాలుగు, ఆరు. తడి మెట్టు తొక్కకుండా దాటుకుంటూ వెళ్లొచ్చు. పైనున్న పెద్దావిడ ఆ నాలుగు రోజులూ కిందికి దిగనే లేదు, అది వేరే విషయం.

ఇక ఎత్తుల సంగతి. పలక మందం 20 మిల్లీమీటర్లు, కింద అంటించే మసాలా ఐదారు మిల్లీమీటర్లు, మొత్తం దాదాపు అంగుళం. ప్రతి మెట్టూ అంతే లేస్తుంది కాబట్టి మధ్య మెట్ల మధ్య ఎత్తు మారదు. కింద నేల మాత్రం లేవదు, పైన వరండా లేవదు. దాంతో ఏడంగుళాల మొదటి మెట్టు ఎనిమిది అంగుళాలవుతుంది, చివరిది ఆరుకు దిగుతుంది. ఇళ్ల మెట్ల ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. కోడ్ పక్కన పెట్టినా, కాలు ఒక ఎత్తుకు అలవాటు పడ్డాక అంగుళం తేడా వస్తే తడబడటం ఖాయం. చీకట్లో దిగేటప్పుడైతే చెప్పక్కర్లేదు. మేస్త్రిని అడిగితే "ఏం కాదు సార్, రెండ్రోజుల్లో అలవాటైపోద్ది" అన్నాడు. ఇంట్లోవాళ్లకి అలవాటవుతుందేమో, పాలు పోసే అబ్బాయికీ వచ్చిపోయే చుట్టాలకీ ఎలా అలవాటవుతుంది? కింద ఆవరణలో ఎలాగూ సిమెంటు పగిలిపోయి ఉంది, అక్కడ పార్కింగ్ టైల్స్ వేయించి అంగుళం లేపాం. పైన వరండా మొత్తం టైల్స్ వేయించి సరిపెట్టాం. దాంతో పైవాళ్ల తలుపు కింద అరంగుళానికి పైగా చెక్క కోయించాల్సి వచ్చింది. అక్కడితో అయిపోలేదు. వరండా లేచింది కాబట్టి డాబా మీదికి వెళ్లే సిమెంటు మెట్లలో మొదటిది అంగుళం పొట్టిదైంది. అటు వెళ్లేది బట్టలు ఆరేయడానికి, ట్యాంకు చూడటానికే కాబట్టి అలాగే వదిలేశాం. ఎక్కిన ప్రతిసారీ కాలికి తెలుస్తూనే ఉంటుంది. కొటేషన్ అడిగేటప్పుడు మెట్లకే కాకుండా పైనా కిందా నేలకి కూడా కలిపి అడగండి. ఖర్చు ఎక్కువ పెరిగేది అక్కడే.

అంటించే పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ముందు పాత రాళ్లన్నీ సుత్తితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చినవి పీకేయాలి, కదిలే రాయి మీద కొత్త పలక వేస్తే అదీ కదులుతుంది. ముందుకు పొడుచుకొచ్చిన పాత అంచుల్ని గ్రైండర్‌తో రైజర్‌కి, అంటే మెట్టు నిలువు ముఖానికి, సమంగా కోసేయాలి. నున్నగా అరిగిన ముఖానికి గాట్లు పెట్టించి, దుమ్ము కడిగి, గుంటలు మాలుతో పూడ్చి ఆరనివ్వాలి. అంటించడానికి ఉత్త సిమెంటు పాలు సరిపోవు, టైల్ అడ్హెసివ్ కావాలి. బస్తా మీద ఐఎస్ (భారత ప్రమాణం) 15477 అని, ఏ టైపో ఉంటుంది. ఇళ్లలో మామూలు సిరామిక్ టైల్స్‌కి వాడే టైప్ 1 కాకుండా, ఆరుబయట బరువైన రాయికి పనికొచ్చేది అడిగి తీసుకోవాలి.

వేసే పద్ధతి కూడా బస్తా అంత ముఖ్యం. పళ్ల కరణితో మెట్టంతా పరిచి పలక నొక్కాలి. మాకు పని చేసినవాళ్లు మేం చూస్తున్నంతసేపూ అలాగే వేశారు. మధ్యాహ్నం భోజనానికి లోపలికెళ్లి వచ్చేసరికి నాలుగు మూలలా ఒక్కో ఉండ, మధ్యలో ఒకటి పెట్టి అతికించేస్తున్నారు. అప్పటికే అతికినవి తట్టి చూస్తే డొల్ల. గొడవ పడి రెండు తీయించాం, మూడోది గట్టిపడిపోయిందన్నారు. సరిగ్గా ఆ మూడో పలకే రెండేళ్ల తర్వాత అంచు దగ్గర సన్నగా చీలింది. కింద గాలి ఉన్నచోట సిలిండర్ దిగితే ఎంత గట్టి రాయైనా ఏం చేస్తుంది? మిగతావాటిలో ఒక్కటీ కదల్లేదు.

రెండు వరసలకీ వేర్వేరు రాళ్లు వేయించడం మంచిదైంది, ఇప్పుడు పోల్చి చెప్పగలుగుతున్నాను. ఆరుబయట వరసకి బూడిద రంగు రాయి, మంటతో కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్. నీడలోని వరసకి పాలిష్ పెట్టిన టాన్ బ్రౌన్ అనే గోధుమ రంగు గ్రానైట్, అంచు దగ్గర మూడు గీతలు కోయించి. టాన్ బ్రౌన్ కరీంనగర్ వైపు రాయి. పక్కనే చీమకుర్తి పెట్టుకుని అక్కడి రాయి ఎందుకు తెచ్చావని బంధువులు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. చీమకుర్తిలో దొరికే గెలాక్సీ నల్లరాయి మీద దుమ్ము కొట్టొచ్చినట్టు కనపడుతుంది, అంతే కారణం.

వానాకాలంలో తేడా తెలిసింది. గరుకు రాయి మీద తడి చెప్పులతో, వట్టి కాళ్లతో, గొడుగు పట్టుకుని ఎలా దిగినా ఒక్కరూ జారలేదు. తుపాను వానల్లో జల్లు లోపలికి కొట్టినప్పుడు పాలిష్ వరస మాత్రం టెన్షన్ పెడుతుంది. ఆ మూడు గీతలూ అంచున ఉంటాయి. దిగేటప్పుడు మడమ పడేది వాటికి వెనకాల, నున్నటి చోట. పైన అతికించే గరుకు పట్టీలు తెచ్చి వేస్తే ఒక్క ఎండాకాలంలో అంచులు లేచి చెప్పులకి తగలడం మొదలైంది, పీకేశాం. ఆరుబయట మెట్లకి పాలిష్ రాయి ఎవరు చెప్పినా వద్దనండి. ఫ్లేమ్డ్ చేయించేటట్టయితే పలక 20 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, సన్నది మంటకి పగులుతుంది.

గరుకు రాయికి ఇబ్బంది శుభ్రం దగ్గర. తుడుపు కర్ర దాని మీద పనిచేయదు, నీళ్లు పోసి పొరక బ్రష్‌తో రుద్దాల్సిందే. కార్తీక మాసంలో మెట్ల మీద ప్రమిదలు పెడితే నూనె ఇంకి నల్లటి గుండ్రాలు పడ్డాయి. సబ్బు, సోడా ఏదీ పనిచేయలేదు. తర్వాత సీలర్ (రాయిలోకి నూనె, నీళ్లు ఇంకకుండా పూసే ద్రవం) పూయించాం, అది పాత మరకల్ని తీసేయదు గానీ కొత్తవి రాకుండా చూస్తోంది. ఇప్పుడు మా ఆవిడ ప్రమిదల కింద తమలపాకులు పెడుతోంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం వాడొద్దు, జాయింట్లలో సిమెంటుని తినేస్తుంది. మే నెల మధ్యాహ్నం వట్టి కాళ్లతో ఎక్కితే కాళ్లు కాలిపోతాయి. నాపరాళ్లప్పుడూ అంతే కాబట్టి దీన్ని కొత్త రాయి తప్పుగా లెక్కేయను.

రైజర్లకి తెల్లటి టైల్ వేయించాం. చెప్పుల ముందు భాగం తగిలి నల్ల చారలు పడుతున్నాయి, వారానికోసారి తుడవాలి. అయినా అదే మేలు. మెట్టు ముదురు రంగు, రైజర్ లేత రంగు అయ్యేసరికి చూపు తగ్గిన మా అమ్మకి ప్రతి మెట్టూ విడివిడిగా కనపడుతోంది.

బరువు గురించి చాలామంది భయపడతారు. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి ఐదు కిలోలుంటుంది. మసాలాతో కలిపితే చదరపు మీటరుకి అరవై కిలోలు. ఇళ్ల మెట్ల మీద జనం, సామాను బరువు కిందే చదరపు మీటరుకి సుమారు 300 కిలోలు ఐఎస్ 875 ప్రకారం లెక్కేస్తారు, కాబట్టి ఆరోగ్యంగా ఉన్న శ్లాబుకి ఇది పెద్ద భారం కాదు. అడుగున పెచ్చులూడి తుప్పు కడ్డీలు కనపడుతుంటే మాత్రం ముందు ఇంజనీరుకి చూపించాలి. మాకు నిజమైన తలనొప్పి రెయిలింగ్ దగ్గరొచ్చింది. పాత ఇనుప కడ్డీలు మెట్లలోనే దిగ్గొట్టి ఉన్నాయి, వాటి చుట్టూ పలక కోసి వేశారు. ఆ సందుల్లో నీళ్లు దిగి తుప్పు పట్టి ఎర్రటి చారలు రాయి మీదికి కారుతున్నాయి. వీలైతే రెయిలింగ్ తీసేసి పక్క నుంచి బిగించేది పెట్టించండి.

ఖర్చులో రాయి వాటా అనుకున్నంత ఉండదు. అంచు గుండ్రం చేయడానికి, గీతలకి రన్నింగ్ ఫుట్ లెక్కన విడిగా తీసుకుంటారు. కడ్డీల చుట్టూ కోతకి మళ్లీ వేరే. చదరపు అడుగు ధర ఒక్కటే విని బేరం కుదుర్చుకోవద్దు.

అంచుతో సహా తయారుగా వచ్చే మెట్ల టైల్స్ గురించి అడిగేవాళ్లకి ఒకటి చెబుతాను. ఇంటి లోపలి మెట్లకి అవి చాలు. మందం తక్కువ కాబట్టి ఎత్తుల గొడవా తగ్గుతుంది. మా తోడల్లుడి ఇంట్లో బాగానే ఉన్నాయి. వాళ్ల వంటిల్లు కిందే ఉంది, మాలాగా సిలిండర్ మెట్లెక్కదు. మా గ్రానైట్ అంచుకి దెబ్బ తగిలి చిన్న ముక్క ఎగిరితే అదే రంగు ఎపాక్సీతో పూడ్చారు, వెతికితే తప్ప కనపడదు.