వేగస్‌లో బిల్లు చదవకుండా కార్డు ఇవ్వకండి

లాస్ వేగస్ వెళ్తున్నవాళ్లు, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నో అత్తమామల్నో తీసుకెళ్తున్నవాళ్లు, ఇది ఒకసారి చదివి వెళ్లండి. స్ట్రిప్ మీద, అంటే పెద్ద క్యాసినో హోటళ్లన్నీ ఉండే మెయిన్ రోడ్డు మీద, ఒక రెస్టారెంట్‌లో ఏడుగురం భోంచేశాం. పేరు రాయను, అలాంటివి అక్కడ వరసగా ఉన్నాయి. తిన్నదీ తాగిందీ కలిపి 240 డాలర్లు. వెయిటర్ తెచ్చిన మెషీన్ మీద కనిపించింది 316. కింద మళ్లీ టిప్ కోసం 18, 20, 22 శాతం అని మూడు బటన్లు. ఇరవై నొక్కితే ఇంకో 63 డాలర్లు పోతాయి.

మెషీన్ పక్కన పెట్టి కాగితం బిల్లు అడిగాను. ఆయన మొహం కాస్త మారింది గానీ తెచ్చాడు. అందులో సేల్స్ టాక్స్ ఉంది, అది వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీలో 8.375 శాతం, దాని గురించి గొడవ లేదు. దాని పైన "సీఎన్ఎఫ్" అని 12 డాలర్లు. చూడ్డానికి ఇదీ ఏదో ప్రభుత్వ పన్నులాగే ఉంటుంది, కాదు. కన్సెషన్ అండ్ ఫ్రాంచైజ్ ఫీ అని రెస్టారెంట్ వాళ్లు సొంతంగా వేసుకునేది. మెనూ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ తర్వాత గ్రాట్యుటీ, అంటే టిప్పే, 18 శాతం, 43 డాలర్లు. ఆరుగురో ఎనిమిదిమందో దాటితే చాలాచోట్ల ఇది వాళ్లే వేసేస్తారు. అంటే టిప్ అప్పటికే ఇచ్చేశాం. మెషీన్ అడుగుతున్నది రెండో టిప్, అదీ టాక్సూ మొదటి టిప్పూ కలిపిన మొత్తం మీద!

మేనేజర్‌ని పిలిచి సీఎన్ఎఫ్ తీసేయమంటే పెద్దగా వాదించకుండా తీసేశాడు. అన్నిచోట్లా తీస్తారని చెప్పలేను, కానీ అడగడానికి మొహమాటపడొద్దు.

నీళ్ల సంగతి ఇంకా అన్యాయం. కూర్చోగానే "స్టిల్లా, స్పార్క్లింగా" అని అడుగుతారు. స్టిల్ అంటే గ్యాస్ లేని సీసా నీళ్లు, స్పార్క్లింగ్ అంటే గ్యాస్ ఉన్నవి, రెండూ కొనేవే. మామయ్యగారు ఊరికే ఇచ్చే మామూలు నీళ్లనుకుని స్టిల్ అన్నారు. సీసాలు మూతలు తీసి మరీ టేబుల్ మీద పెట్టారు, ఒక్కోటి 9 డాలర్లు. మూత తీశాక వెనక్కి తీసుకోరు. టాప్ వాటర్ అని స్పష్టంగా అనండి, డబ్బులు తీసుకోరు. అక్కడి కుళాయి నీళ్లు ఎక్కువ భాగం లేక్ మీడ్ అనే రిజర్వాయర్ నుంచి వస్తాయి. రుచి కొంచెం తేడాగా ఉంటుంది గానీ తాగడానికి మంచివే. ఆ ఊళ్లో నీళ్లు మానేసి డబ్బు మిగుల్చుకుందామనుకుంటే ఆస్పత్రి పాలవుతారు. 2024 జులైలో ఎండ 120 ఫారన్‌హీట్, అంటే దాదాపు 49 సెల్సియస్ నమోదైంది. పెద్దవాళ్ల చేతిలో తలో సీసా ఉండాల్సిందే. ఫార్మసీ షాపుల్లో కొనుక్కోండి, హోటల్ లాబీలో ధరలు మూడు నాలుగు రెట్లు.

హోటల్ గదిలో ఫ్రిజ్ కనబడగానే మనవాళ్లు పెరుగు డబ్బా, పులిహోర సర్దేస్తారు. సర్దొద్దు. పెద్ద హోటళ్లు చాలావాటిలో అది మినీబార్, అంటే లోపల ఉన్నవి తీసుకుంటే డబ్బు కట్టాల్సిన ఫ్రిజ్. లోపలి వస్తువుల కింద సెన్సర్లు ఉంటాయి, ఒక చాక్లెట్ ఎత్తి కొన్ని సెకన్లు పట్టుకున్నా గది ఖాతాలో పడిపోతుంది. మీ వస్తువులు పెట్టినందుకు విడిగా ఫీజు వేసే హోటళ్లూ ఉన్నాయి. కౌంటర్‌లో అడిగితే వేరే చిన్న ఫ్రిజ్ ఇస్తారు, దానికీ రోజుకింత అనొచ్చు. పొద్దున్నే కాఫీ లేనిదే కదలని అత్తయ్యగారు మీతో ఉంటే చిన్న కెటిల్ పట్టుకెళ్లండి, స్ట్రిప్ హోటళ్లలో చాలావాటి గదుల్లో కాఫీ మెషీన్ ఉండదు. కింద కాఫీకి క్యూ, ధర రెండూ దారుణం.

గది అద్దె కాక హోటళ్లు అదనంగా వేసే రిసార్ట్ ఫీజు గురించి ఇంతకుముందున్నంత టెన్షన్ ఇప్పుడు లేదు. 2025 మే నుంచి హోటళ్లు దాన్ని కలిపిన మొత్తాన్నే ముందు చూపించాలని ఫెడరల్ నిబంధన వచ్చింది. రెస్టారెంట్లకి మాత్రం అది వర్తించదు, అందుకే ఇంత రాస్తున్నాను.

క్యాసినోలో ఆడుతుంటే మందు ఉచితం, నిజమే. తెచ్చినామెకి ఒకటో రెండో డాలర్లు ఇవ్వడం ఆనవాయితీ. కొన్ని బార్లలో వీడియో పోకర్ మెషీన్ దగ్గర లైటు వెలిగేంత ఆడితేనే ఉచితం, అది వెలిగే లోపు పోయే డబ్బుతో బయట రెండు బీర్లు వచ్చేస్తాయి. వయసు 21 నిండాలి, ఒరిజినల్ ఐడీ ఉండాలి, ఫోన్లో పాస్‌పోర్ట్ ఫొటో చూపిస్తే నడవదు.

మరి ఎక్కడ తినాలి అంటే, కారుంటే స్ట్రిప్ దాటి పడమటికి, స్ప్రింగ్ మౌంటెన్ రోడ్డు మీది చైనాటౌన్‌కి వెళ్లండి. వియత్నామీస్, కొరియన్, జపనీస్ అన్నీ ఉన్నాయి, పార్కింగ్‌కి డబ్బులు కట్టక్కర్లేదు. శాకాహారులైతే ఫిష్ సాస్ వద్దని ముందే చెప్పాలి, కూరగాయల వంటకంలో కూడా వేస్తారు. మెక్సికన్ చోట్ల బీన్స్‌లో పంది కొవ్వు ఉందేమో అడగండి. స్ట్రిప్ వదిలి వెళ్లలేకపోతే కాస్మోపాలిటన్ హోటల్ మూడో అంతస్తులో బోర్డు లేని పిజ్జా కొట్టు ఉంది, జనం సీక్రెట్ పిజ్జా అంటారు. ముక్కల లెక్కన కొనుక్కోవచ్చు, పిల్లలు గొడవ చేయరు. బఫేలు 2020లో మూతపడి చాలావరకు తిరిగి తెరుచుకోలేదు. ఉన్నవాటిలో సీజర్స్ ప్యాలెస్ హోటల్‌లోని బాకనల్ బఫే, విన్ హోటల్‌లోని బఫే బాగుంటాయి, కానీ పీతలూ రొయ్యలూ తినేవాళ్లకే ఆ ధర గిట్టుబాటు. పప్పన్నం మనుషుల్ని తీసుకెళ్లడం డబ్బు దండగ.

చివరగా, సంతకం పెట్టే కాగితం మీద గ్రాట్యుటీ ముందే ఉంటే టిప్ గీత మీద అడ్డంగా కొట్టేసి, మొత్తం మీ చేత్తో రాసి ఫొటో తీసుకోండి. టిప్ కలిపిన మొత్తం కార్డులో రెండు మూడు రోజుల తర్వాత గానీ ఖరారు కాదు, ఇంటికొచ్చాక ఒకసారి సరిచూసుకోండి. తేడా వస్తే బ్యాంకుకి ఆ ఫొటో పంపొచ్చు.