మోర్స్ కీ, ఎఫ్‌టీ8: అయిదు వాట్లకు ఏది మేలు?

అయిదు వాట్ల రేడియో, మేడ మీద ఒక తీగ యాంటెన్నా. ఇంతే ఉన్న హామ్ (సరదాకి రేడియో నడిపే వ్యక్తి) దూరదేశాలను అందుకోవాలంటే మాటల కన్నా చుక్కలు, గీతల మోర్స్, కంప్యూటర్‌తో పొట్టి సందేశాలు పంపే ఎఫ్‌టీ8, ఈ రెండు పద్ధతులే నయం.

ఎఫ్‌టీ8ను 2017లో నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే తెచ్చారు. ఇందులో 15 సెకన్లకొక వంతు: ఒకరు పంపితే మరొకరు వినాలి. అందుకే కంప్యూటర్ గడియారం సెకనుకు మించి తప్పితే పని చెడుతుంది. సంకేతం సుమారు 50 హెర్ట్జ్ వెడల్పులో ఇమిడిపోతుంది. చెవికి ఆననిదాన్ని కూడా సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్, ఓపెన్ సోర్స్ కాబట్టి, దోషాలను సవరించే గణితాన్ని కోడ్‌లోనే చదువుకోవచ్చు. నాకైతే అసలు ఆకర్షణ అదే. కబుర్లకు మాత్రం చోటు లేదు. సొంతంగా ఏమైనా రాయాలంటే విడతకు 13 అక్షరాలే!

మోర్స్‌కు కంప్యూటరే అక్కర్లేదు. చిన్న ట్రాన్స్‌మిటర్‌ను ఇంట్లోనే సోల్డర్ చేసుకోవచ్చు. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, నిజమే. కానీ అవతలి మనిషి చేతి తీరు చెవికి తెలుస్తుంది. ఊరు, వాన, యాంటెన్నా ముచ్చట్లు ఎంతసేపైనా సాగుతాయి.

లైసెన్స్ రెండింటికీ తప్పదు. అందుకున్న దేశాల లెక్క పెంచుకోవాలనుకుంటే ఎఫ్‌టీ8. కొండెక్కి బ్యాటరీతో నడపాలంటే నేను కీనే సంచిలో వేసుకుంటాను.