నాటింగ్‌హామ్, న్యూఆర్క్: మినియేచర్ వార్‌గేమింగ్ కోసం ఇంగ్లండ్ వెళ్తే ఏం చూడాలి, ఎక్కడ దిగాలి

లండన్ ఐ గురించి, స్టోన్‌హెంజ్ గురించి మనవాళ్లు బోలెడు రాశారు కాబట్టి వాటి జోలికి పోను. నేను వెళ్లింది బొమ్మల కోసం. అంగుళం పైచిలుకు ఎత్తుండే సైనికుల బొమ్మలకు మనమే రంగులు వేసుకుని, టేబుల్ మీద కొండలూ ఊళ్లూ వాగులూ పేర్చి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ యుద్ధం ఆడతాం. కొంతమందికి వార్‌హామర్ లాంటి ఊహాలోకపు సైన్యాలు ఇష్టం, కొంతమందికి చరిత్రలో నిజంగా జరిగిన యుద్ధాలు ఇష్టం. నాకు రెండూ ఇష్టమే గానీ కొన్నాళ్లుగా మనసంతా ఒకే యుద్ధం మీద ఉంది. 1758 డిసెంబర్‌లో మా పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లిష్ వాళ్లకీ ఫ్రెంచి వాళ్లకీ జరిగిన యుద్ధం అది. దాన్ని టేబుల్ మీద పెట్టాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను, ఈ ప్రయాణం సగం దానికోసమే.

ముందే ఒక మాట. సెలవు తక్కువుండి ఒక్కటే ఎంచుకోవాలంటే న్యూఆర్క్‌లో జరిగే పార్టిజాన్ అనే వార్‌గేమింగ్ ప్రదర్శనకి వెళ్లండి. నాటింగ్‌హామ్‌లోని వార్‌హామర్ వరల్డ్ పేరు అందరికీ తెలుసు, చూడదగ్గదే, కానీ ఈ హాబీ అసలు ప్రాణం నాకు కనిపించింది న్యూఆర్క్‌లోనే. అన్నట్టు, ఇది న్యూజెర్సీ న్యూఆర్క్ కాదు, నాటింగ్‌హామ్‌కి రైల్లో అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరు.

లండన్‌లో దిగినవాళ్లు ఉత్తరానికి వెళ్లేలోపు చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియంకి ఒక పూట కేటాయించండి. ప్రవేశం ఉచితం. మిగతాది ఓపికుంటే చూడండి, సైబోర్న్ మోడల్ మాత్రం వదలొద్దు. 1815 జూన్ 18 సాయంత్రం ఏడు గంటల వేళ, నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధభూమి ఎలా ఉండేదో విలియం సైబోర్న్ అనే ఇంగ్లిష్ ఆఫీసరు మొత్తంగా ఒకే చోట చేసి పెట్టాడు. డెబ్బై వేలకు పైగా తగరం బొమ్మలు, ఒక్కోటి గోరంత. ఆయన యుద్ధం జరిగిన చోటే నెలల తరబడి మకాం వేసి నేలంతా సర్వే చేశాడు, బతికున్న ఆఫీసర్లకు ఉత్తరాలు రాసి మీ పటాలం ఏడింటికి ఎక్కడుంది, మీ ఎదురుగా ఎవరున్నారు, చేలో ఏ పంట ఉంది అని అడిగి రాబట్టాడు. 1838లో జనానికి చూపించాడు. ఇంగ్లిష్ వాళ్ల పక్షాన పోరాడిన ప్రష్యన్ (జర్మన్) సైన్యాన్ని అంత ముందుకు చూపించడం ఇంగ్లిష్ సేనాని వెల్లింగ్టన్‌కి నచ్చలేదు, చివరికి వేల సంఖ్యలో ప్రష్యన్ బొమ్మల్ని పీకేయాల్సి వచ్చింది. అద్దం దగ్గర వంగి చూస్తే పొగని దూదిలాంటి తెల్లటి పింజలతో చూపించిన చోట్లు, తొక్కుడుపడిన చేలు కనిపిస్తాయి. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒక మనిషి ఇంత పట్టుదలగా ఈ పని చేశాడని చూస్తుంటే నాకు నిజంగా గుండె నిండింది. లైటింగ్ కొంచెం తక్కువ, ఫోన్‌లో ఫోటోలు సరిగా రావు, కళ్లతో చూసుకోవడమే మేలు.

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి నాటింగ్‌హామ్‌కి రైల్లో దాదాపు గంటా నలభై నిమిషాలు పడుతుంది. టికెట్ ముందే కొంటే బాగా చవక, ఆ రోజే స్టేషన్‌లో కొంటే జేబు ఖాళీ.

బస సంగతి. మొదట స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాను. పేరు చెప్పను గానీ రూముకి కిటికీ ఉన్నా తెరుచుకోదు, శుక్రవారం రాత్రి కింద బార్ గోల రెండింటిదాకా ఆగలేదు, బ్రేక్‌ఫాస్ట్‌కి విడిగా తీసుకున్న డబ్బుకి ఇచ్చింది చల్లారిన టోస్టు. తర్వాత మా పిన్ని కూతురు, అంటే మా అక్క వాళ్లుండే, నాటింగ్‌హామ్ పక్కనే ఉన్న బీస్టన్‌కి మారిపోయాను. చుట్టాలు లేనివాళ్లకి కూడా నేను చెప్పేది బీస్టనే. ట్రామ్ లైను మీదుంది, యూనివర్సిటీ పక్కనే కావడంతో అద్దె గదులు, గెస్ట్ హౌసులు దొరుకుతాయి, మన పిల్లలు కూడా చాలామంది కనిపిస్తారు. పైగా వార్‌హామర్ వరల్డ్‌కి దగ్గరైన గ్రెగరీ స్ట్రీట్ స్టాపు కూడా ఆ లైను మీదే, కాబట్టి ట్రామ్ మారక్కర్లేదు. దిగి పది నిమిషాలు నడిస్తే చాలు. ఊరి నడిబొడ్డునే ఉండాలనుకుంటే వీకెండ్ కాకుండా మామూలు రోజుల్లో ఉండండి, ధరలోనూ నిద్రలోనూ తేడా తెలుస్తుంది.

ఇక వార్‌హామర్ వరల్డ్. నాటింగ్‌హామ్‌లోని లెంటన్‌లో, వార్‌హామర్ బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ హెడ్డాఫీసు ఆవరణలోనే ఉంది. బయట నిలువెత్తుకి మించిన స్పేస్ మెరీన్ (వార్‌హామర్ 40,000 ఆటలోని కవచధారి సైనికుడు) విగ్రహం, దాని ముందు ఫోటోలు దిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ కంపెనీ 1975లో లండన్‌లో మొదలైంది, 1983లో వార్‌హామర్, 1987లో వార్‌హామర్ 40,000 వచ్చాయి, 2024 చివర్లో లండన్ స్టాక్ మార్కెట్‌లోని పెద్ద వంద కంపెనీల జాబితాలోకి ఎక్కింది. ప్లాస్టిక్ బొమ్మల తయారీ ఇప్పటికీ నాటింగ్‌హామ్‌లోనే.

ఎగ్జిబిషన్‌కి టికెట్ ఉంది, ఇచ్చిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. 1980ల నాటి సీసపు బొమ్మల నుంచి ఇవాళ్టి ప్లాస్టిక్ వాటిదాకా వరసగా పెట్టారు. చివర్లో గది ఎత్తంతా ఆక్రమించిన కోట ముట్టడి డయొరమా (బొమ్మలతో పేర్చిన దృశ్యం) దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. అక్కడ పెద్ద పెద్ద టవర్లకంటే నన్ను పట్టి ఆపింది ఒక మూలనున్న చిన్న బొమ్మ. బూటు అంచున బురద, ఆ బురద మడమ దగ్గర చిక్కగా, పైకి పోయేకొద్దీ పల్చగా, ఎండిపోయినట్టు లేత రంగులో వేశారు. బురద అంటే గోధుమ రంగు పూసేయడం కాదని, తడి ఎక్కడుందో ఆలోచించి వేయాలని దాన్ని చూశాకే నాకు అర్థమైంది. పెయింటింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇక్కడ కనీసం రెండు గంటలు ఉంచుకోండి.

ఆడుకునే హాలు గోడలు కోట గోడల్లా కట్టారు, టేబుళ్లు అద్భుతంగా ఉంటాయి, ఆడటానికి డబ్బు అడగరు, కానీ శని ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి. అక్కడే ఉన్న బగ్‌మన్స్ బార్‌లో తిండి బర్గర్ల తరహా, శాకాహారులకీ ఏదో ఒకటి ఉంటుంది, ధర కాస్త ఎక్కువే, కారం మాత్రం ఆశించకండి. షాపులో పనిచేసేవాళ్లు ఓపిగ్గా మాట్లాడతారు, ఏ రంగు మీద ఏ రంగు వేయాలో అడిగితే బ్రష్ తీసి మరీ చూపించారు. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ అన్నిటికీ పూర్తి ధరే. ఆ ఒక్క చోట మాత్రమే అమ్మే ప్రత్యేకమైన బొమ్మలుంటాయి, అవి కొనుక్కోండి. మామూలు బాక్సులు బయట విడి దుకాణాల్లో తగ్గింపుకి దొరుకుతాయి. మొత్తంమీద మంచి చోటే, కానీ అక్కడ ఒకే కంపెనీ ప్రపంచం ఉంటుంది. వేరే కంపెనీ బొమ్మలు, వేరే కాలపు యుద్ధాలు చూడాలంటే కుదరదు. అర్ధ రోజు సరిపోతుంది.

ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని వార్‌గేమర్లు లెడ్ బెల్ట్ అంటారు, బొమ్మల్ని అప్పట్లో సీసంతో పోతపోసేవాళ్లు కాబట్టి. గేమ్స్ వర్క్‌షాప్ బొమ్మల విభాగం సిటడెల్ 1970ల చివర్లో న్యూఆర్క్‌లోనే మొదలైంది. ఆ కంపెనీలో పనిచేసినవాళ్లు కొందరు ఈ చుట్టుపక్కలే సొంత బొమ్మల కంపెనీలు పెట్టుకున్నారు. పెర్రీ మినియేచర్స్, వార్‌లార్డ్ గేమ్స్ అలా పుట్టినవే. పెర్రీ అన్నదమ్ములు కవలలు. వాళ్లలో మైకేల్ పెర్రీకి 1996లో ఫ్రాన్స్‌లో ఒక పాత యుద్ధాన్ని మళ్లీ నటించి చూపిస్తుండగా ఫిరంగి ప్రమాదంలో కుడి చెయ్యి పోయింది. అప్పటిదాకా కుడిచేత్తో శిల్పాలు చెక్కిన మనిషి ఎడమచేత్తో మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. ఆయన చెక్కిన విలుకాళ్ల బాక్సు నా దగ్గర ఉంది, దాన్ని తెరిచినప్పుడల్లా ఆ చెయ్యే గుర్తొస్తుంది.

పార్టిజాన్‌ని న్యూఆర్క్ ఇర్రెగ్యులర్స్ అనే క్లబ్బు నడుపుతుంది. న్యూఆర్క్ షోగ్రౌండ్‌లో మే నెలలో ఒకటి, అక్టోబర్‌లో ఇంకొకటి, రెండూ ఆదివారాలే. నేను వెళ్లింది మే షోకి. షోగ్రౌండ్ ఊరికి కొన్ని మైళ్లు అవతల ఉంది, ఆదివారం బస్సుల్ని నమ్ముకోకండి. నేను బుక్ చేసిన టాక్సీ చివరి నిమిషంలో రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు, కాసేపు బాగా టెన్షన్ పడ్డాను. చివరికి మా బావగారు ‘నువ్వు ఇంత దూరం వచ్చి ఇక్కడ కూర్చుంటావా’ అని బీస్టన్ నుంచి కారు తీసుకొచ్చి దింపారు. రానూ పోనూ టాక్సీ ముందురోజే ఇద్దరితో మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

లోపల ఒకటే హాలు, కానీ ఎటు వెళ్లాలో తెలియదు. ఒక వైపు అమ్మకాల స్టాళ్లు, మిగతా అంతా టేబుళ్లు. కొన్ని చూడటానికి మాత్రమే, కొన్నిట్లో కూర్చుని మనం కూడా ఆడొచ్చు. చూడటానికి మాత్రమే అన్నవాటి దగ్గర కూడా అడిగితే అన్నీ చెబుతారు, అడగడమే ఆలస్యం. నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని చేసుకొచ్చినవి కదా, చెప్పకుండా ఉండలేరు.

చందుర్తి సంగతి ఇక్కడే తేలింది. ఆ యుద్ధంలో బెంగాల్ నుంచి వచ్చిన ఇంగ్లిష్ కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు ఒక వైపు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ రెండో వైపు. ఫోర్డ్ దగ్గరున్న తెల్ల సైనికుల పటాలం ఏపుగా ఎదిగిన చేను చాటున ఉండిపోయింది. ఫోర్డ్ వైపే ఉన్న, ఎర్రకోట్లు వేసుకున్న మన సిపాయిల్ని చూసి వాళ్లే ఇంగ్లిష్ పటాలం అనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్లమీద పడ్డారు, వాళ్లని తరుముకుంటూ వరసలు తప్పారు, అప్పుడు అసలు పటాలం చేను చాటునుంచి వచ్చింది. అంటే టేబుల్ మీద ఈ యుద్ధమంతా ఆ చేను మీదే ఆధారపడి ఉంది. చేను మనిషి ఎత్తుండాలి, అందులోకి సైన్యం వెళ్లగలగాలి, బొమ్మలు పడిపోకూడదు. ఇన్నాళ్లూ నాకు దారి దొరకలేదు.

అక్కడ ఒక పెద్దాయన టేబుల్ మీద గోధుమ చేను చూశాను. ముట్టుకోనా అని అడిగి ముట్టుకుంటే కొబ్బరిపీచు డోర్‌మ్యాట్! గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునేదే. దాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా కోసి, అంచుల్ని కత్తెరతో ఎగుడుదిగుడుగా కత్తిరించి, పైన లేత పసుపు రంగు డ్రై బ్రష్ చేశాడు, అంటే దాదాపు ఆరిన బ్రష్‌తో పైపైన రుద్దాడు. పటాలం చేలోకి వెళ్తే ఆ ముక్క తీసేసి, కింద నేలమీద దుబ్బులు మాత్రమే ఉన్న ఇంకో ముక్క పెడతాడు, ముందుకు పోయాక మళ్లీ చేను పెట్టేస్తాడు. నేను కాకినాడ వాణ్ణనీ, కోనసీమ పక్కనే అనీ, మా దగ్గర పీచుకి కొదవ లేదనీ చెబితే ఆయన చాలా సంతోషించాడు, పీచు పొడవు ఎంత ఉంటుంది, రంగు ఎలా ఉంటుందని తిరిగి నన్నే అడిగాడు. కత్తెర బదులు ఏ బ్లేడు వాడాలో, వెనకున్న రబ్బరుని ఏ వైపు నుంచి కోస్తే పీచు రాలదో కూడా చూపించాడు. రబ్బరు వైపు నుంచే కోయాలి.

నాకు కావలసిన 18వ శతాబ్దపు దక్షిణాది సిపాయిలు ఆ రోజు తిరిగిన స్టాళ్లలో దొరకలేదు. యూరోపియన్ పటాలాలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి, తలపాగా తలలు విడిగా అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, రెండూ కొన్నాను, కోసి అతికించుకోవాలి. కార్డు దాదాపు అందరూ తీసుకున్నారు, అయినా కొంచెం నగదు ఉంచుకుంటే బేరానికి పనికొస్తుంది. మూడు దాటాక కొందరు సర్దేయడం మొదలుపెడతారు, పొద్దున్నే వెళ్లండి.

న్యూఆర్క్‌లోనే ఒక రాత్రి ఉండగలిగితే మర్నాడు నేషనల్ సివిల్ వార్ సెంటర్, ఆ తర్వాత క్వీన్స్ స్కాన్స్ చూడండి. స్కాన్స్ అంటే 1640ల ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో కట్టిన నక్షత్రం ఆకారపు మట్టి కోట, పార్కులో ఉంది, టికెట్ లేదు. మట్టి గోడ ఫిరంగి గుండుని మింగేస్తుంది, రాతి గోడ పగిలిపోతుంది. ఆ గట్టు ఎక్కి కందకంలోకి చూస్తే మూలలన్నీ ఒకదానికొకటి ఎలా కాపు కాస్తాయో తెలుస్తుంది. పుస్తకాల్లో బొమ్మలు చూసి ఎప్పుడూ ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

తిరుగు ప్రయాణానికి కొన్ని జాగ్రత్తలు. బొమ్మలకి రంగుకి ముందు కొట్టే స్ప్రే ప్రైమర్ డబ్బాలు విమానంలోకి రానివ్వరు, కొనకండి. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులు చెకిన్ బ్యాగులో పెట్టుకోవచ్చు, మూతలకి టేపు చుట్టండి. బ్లేడ్లు, కట్టర్లు కూడా చెకిన్‌లోనే. లోహపు బొమ్మలు అనుకున్నదానికంటే బాగా బరువు తూగుతాయి, ఎక్స్‌రేలో నల్లగా కనబడి ఆపుతారు కూడా, అందుకే బ్యాగులో పైనే ఉంచుకుని, బిల్లులు చేతికందేలా పెట్టుకోండి. ప్లాస్టిక్‌వైతే అట్టపెట్టెలు అక్కడే వదిలేసి బొమ్మల ముక్కలుండే ప్లాస్టిక్ ఫ్రేములు మాత్రం బట్టల మధ్య పెట్టుకుంటే సగం చోటు మిగులుతుంది. డోర్‌మ్యాట్ మాత్రం అక్కడినుంచి మోసుకురాకండి, మన దగ్గరే చవక.