కనీ కనిపించని హైలైట్స్: నల్లజుట్టు మీద ఎన్నాళ్లు నిలుస్తాయి, ఎక్కడ తేడా కొడతాయి

ముందు తీర్పు చెప్పేస్తాను. మన నల్లజుట్టు మీద సహజంగా కనిపించే హైలైట్స్ అంటే సొంత రంగు కన్నా రెండు, మహా అయితే మూడు లెవెల్స్ (రంగు ఎంత లేతో చెప్పే సెలూన్ మెట్లు) మాత్రమే తేలిన, అంటే లేతబడిన పాయలు, అదీ అగ్గిపుల్ల కన్నా సన్నగా తీసినవి. ఈ రెండూ కుదిరితే షేడ్ అటూఇటూ అయినా చెల్లిపోతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన షేడ్ వేయించినా మూడో నెలకి చారలే మిగులుతాయి. ఫాయిల్ హైలైట్స్ (పాయను రేకులో చుట్టి తేల్చేవి), బేబీలైట్స్ (అదే పని మరీ సన్న పాయలతో), బాలయాజ్ (రేకులో చుట్టకుండా బ్రష్‌తో పైపైన పూసేది) మూడింటినీ చాలాకాలం వాడి చూశాక నాకు అనిపించింది ఒకటే: షేడ్ కార్డు ముందు గంటసేపు తర్జనభర్జన పడేవాళ్లు అందులో సగం ఓపిక పాయల మందం మీద పెడితే చాలు.

సెలూన్ లెక్కలో లెవెల్ 1 అంటే నలుపు, 10 అంటే అతి లేత బ్లాండ్. మనవాళ్లలో ఎక్కువమంది 1కీ 3కీ మధ్య ఉంటారు. ఎండలో నిలబడితే గోధుమ ఛాయ కొడితే 3 అనుకోవచ్చు, ఎండలోనూ నల్లగానే ఉంటే 1 లేదా 2. ట్యూబు మీద 5.3 అని ఉంటే చుక్కకి ముందున్న అంకె ఎంత లేతో చెబుతుంది, వెనకున్నది ఏ ఛాయో చెబుతుంది. లోరియాల్‌లో 1 యాష్ (బూడిద ఛాయ), 3 గోల్డ్, 4 కాపర్, 5 మహాగనీ, 8 మోకా. కంపెనీ మారితే ఈ వెనక అంకెల అర్థం మారిపోతుంది. వెల్లాలో 7 అంటే బ్రౌన్, ష్వార్జ్‌కాఫ్ ఇగోరాలో అదే 7 కాపర్. అందుకే ఒక సెలూన్‌లో నచ్చిన నంబరు రాసుకెళ్లి ఇంకో చోట చూపిస్తే అదే రంగు వస్తుందన్న భరోసా లేదు. నంబరు కన్నా, పగటి వెలుతురులో తీసిన సొంత జుట్టు ఫొటో ఎక్కువ పనికొస్తుంది.

అసలు చిక్కు రంగు వేయడంలో లేదు, తేల్చడంలో ఉంది. నల్లజుట్టును లేతగా చేస్తున్నకొద్దీ లోపలున్న ఎరుపు పైకి వస్తుంది. లెవెల్ 4 దగ్గర ఎరుపు, 5 దగ్గర ఎరుపూ నారింజా కలిసి, 6 దగ్గర నారింజ, 7 దగ్గర పసుపు కలిసిన నారింజ, 8కి వస్తేగానీ పసుపు రాదు. మనకు కావలసిన సహజమైన తేడా 5, 6 దగ్గరే ఆగుతుంది, అంటే సరిగ్గా నారింజ నడుమ. దాన్ని నీలం కలిసిన యాష్ టోనర్‌తో, అంటే తేల్చాక పైన వేసే పలచటి రంగుతో, అణచొచ్చు. వేసిన రోజు పొగరంగు బ్రౌన్‌లా బ్రహ్మాండంగా ఉంటుంది. కొన్ని వారాల్లో టోనర్ కరిగిపోయి కింది నారింజ బయటికొస్తుంది, అప్పుడది అనుకుని వేయించిన రంగులా ఉండదు. అదే మొదటినుంచీ వెచ్చని ఛాయ ఎంచుకుంటే, అంటే చెస్ట్‌నట్, కారమెల్, లేత వాల్‌నట్ లాంటివి, టోనర్ పోయినా కిందున్న రంగు దాదాపు అదే వరసలో ఉంటుంది కాబట్టి దిగిపోవడం తెలియదు. చామనఛాయ ముఖానికి ఈ వెచ్చని రంగులే నప్పుతాయని నా అభిప్రాయం. యాష్ అంటే ఇష్టమైతే తప్పేం లేదు, ఐదారు వారాలకోసారి టోనర్‌కి వెళ్లే తీరిక, డబ్బు రెండూ ఉండాలి.

ఇక పాయలు. దువ్వెన తోకతో అల్లికలా పైకీ కిందికీ తీసి ఫాయిల్‌లో పెట్టే పద్ధతిని వీవ్ అంటారు. అడ్డంగా మొత్తం పొర తీసేది స్లైస్. సహజంగా కావాలంటే స్లైస్ వద్దని ముందే చెప్పాలి. బేబీలైట్స్‌లో ఒక్కో కుట్టు 1–2 మిల్లీమీటర్లు ఉంటుంది. దీనికి సమయం పడుతుంది, ఫాయిల్స్ ఎక్కువవుతాయి, అందుకే కొందరు స్టైలిస్టులు మాట వరసకి బేబీలైట్స్ అని చేతికొచ్చినంత మందం తీసేస్తారు. మొదటి రెండు ఫాయిల్స్ పెట్టేటప్పుడే అద్దంలో చూసి అడగాలి. బ్లీచ్ పూశాక అడిగి లాభం లేదు.

విరబోసుకున్న జుట్టులో అందంగా ఉన్నదంతా జడలో అందంగా ఉండదు. మందపు పాయలు జడ వేస్తే మెలికమెలికకీ అడ్డచారలై కూర్చుంటాయి, సన్నవి మాత్రం అల్లికలో కలిసిపోతాయి. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోలన్నీ వంకీలు తిప్పి విరబోసినవే కాబట్టి ఈ సంగతి వాటిలో తెలియదు. పాయలు ఎక్కడెక్కడ పెట్టాలో నిర్ణయించే ముందు ఓసారి జడ వేయించి, ఓసారి ముడి చుట్టించి చూపించమనండి. ముడి వేసుకునేవాళ్లకి మెడ వెనక, చెవుల వెనక ఏమీ లేకపోతే పైన మాత్రమే రంగున్న టోపీ పెట్టినట్టుంటుంది, అక్కడ నాలుగైదు సన్న పాయలు చాలు. పాపిట ఎప్పుడూ నడినెత్తినే తీస్తారా, పక్కకి కూడా మారుస్తారా అన్నది చెప్పడం మరిచిపోవద్దు. నడిపాపిట చూసి పెట్టిన హైలైట్స్, పాపిట మారిస్తే ఒక పక్కకి పోగైనట్టు కనిపిస్తాయి.

చేసే విధానంలో వినియోగదారు గమనించగలిగేవి కొన్నున్నాయి. రెండు మూడు లెవెల్స్‌కి 20 వాల్యూమ్ డెవలపర్, అంటే 6 శాతం పెరాక్సైడ్, సాధారణంగా సరిపోతుంది. 30 వాల్యూమ్ అంటే 9 శాతం. అది తొందరగా తేలుస్తుంది, తొందరగానే చివర్లను పాడుచేస్తుంది. ఫాయిల్‌కి మామూలుగా 30 గ్రాముల బ్లీచ్ పౌడరుకి 60 మి.లీ. డెవలపర్ కలుపుతారు. బాలయాజ్‌కి కారకుండా ఉండాలి కాబట్టి 45 మి.లీ. దగ్గర ఆపి చిక్కగా ఉంచుతారు. మిశ్రమం పలచనైనా, కుదుళ్లకి మరీ ఆనించి పూసినా, ఫాయిల్‌లో ఉబ్బి పైకి కారి కుదుళ్ల దగ్గర నారింజ మచ్చలు పడతాయి. ఇవి తర్వాత సరిచేయడం కష్టం, దువ్వినప్పుడల్లా కనిపిస్తాయి. పైగా తలలోని వేడికి కుదుళ్లు మిగతా జుట్టు కన్నా ముందే తేలతాయి. అందుకే కుదుళ్ల నుంచి కనీసం ఒక సెంటీమీటరు వదిలి మొదలుపెట్టమనడం మంచిది, పెరిగినప్పుడు గీత కూడా తెలియదు. ఐదు పది నిమిషాలకోసారి ఫాయిల్ విప్పి చూసే స్టైలిస్టు దొరికితే వదులుకోకండి. అన్నీ పెట్టేసి ఫోన్ చూసుకుంటూ కూర్చునే చోట ముందు పెట్టినవి 7కి, చివర పెట్టినవి 5కి వచ్చి ఆగుతాయి.

కడిగాక తువ్వాలుతో ఒత్తిన తడిజుట్టుకి టోనర్ వేస్తారు. వెల్లా కలర్ టచ్ లాంటి తక్కువ శక్తి రంగులు 1.9 శాతం డెవలపర్‌తో ఒకటికి రెండు పాళ్లు కలుపుతారు. ఇరవై నిమిషాల వరకూ ఉంచవచ్చని ఉన్నా, బ్లీచ్ అయిన చివర్లు స్పాంజిలా తాగేస్తాయి. ఐదో నిమిషం నుంచే ఒక పాయ తుడిచి చూడాలి, లేకపోతే చివర్లు మట్టిరంగులోకి దిగిపోతాయి. ఫలితాన్ని సెలూన్ పసుపు లైట్ల కింద కాకుండా గుమ్మం దగ్గరికెళ్లి చూడాలి.

"బ్లీచ్ లేకుండా హైలైట్స్" అని బోర్డులు పెడుతున్నారు. ఎన్నడూ రంగు తగలని లెవెల్ 3 జుట్టుకి మామూలు పర్మనెంట్ రంగుతో రెండు లెవెల్స్ దాకా తేడా వస్తుంది, అది నిజమే. లెవెల్ 1, 2 మీద ఎండలో మాత్రమే కనిపించే ఎర్రటి మెరుపు వస్తుంది. కొందరికి అదే చాలు, నిజానికి ఆఫీసుకి అంతకన్నా అక్కర్లేదు కూడా. ఇదివరకే నల్లరంగు వేసిన జుట్టు మీద మాత్రం ఇది పారదు. రంగు రంగును తేల్చదు. కొత్తగా పెరిగిన కుదుళ్లు ఎర్రబడి, కింద పాత నలుపు అలాగే ఉండిపోతుంది.

పాత రంగు అంటే నిన్నమొన్నటిదే అనుకోకండి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాకా ఉన్న జుట్టు చివర్లకి ఐదారేళ్ల వయసు. ఆ ఐదారేళ్లలో పెట్టిన గోరింటాకు, వేసిన నల్లపొడి అన్నీ అందులోనే ఉన్నాయి. స్వచ్ఛమైన హెన్నా కెరటిన్‌కి అంటుకుని ఉంటుంది, బ్లీచ్‌లో మొండిగా కాపర్ రంగు దగ్గర ఆగుతుంది. హెన్నా మీద నీలిమందు పొడి పెట్టినవాళ్లకి బ్లీచ్ తగలగానే ఆకుపచ్చ ఛాయ రావచ్చు. అన్నిటికన్నా ప్రమాదం లోహ లవణాలు కలిసిన చవక రకం పొడులు. పెరాక్సైడ్ తగిలితే వేడెక్కి జుట్టు తెగిపోతుంది. సందేహం ఉంటే మెడ వెనక నుంచి చిన్న గుత్తి కత్తిరించి, వెయ్యబోయే మిశ్రమంలోనే గాజు గిన్నెలో అరగంట ఉంచి చూడమనండి. గిన్నె వేడెక్కినా, నురగ పొంగినా, వెంట్రుక జిగురులా సాగినా ఆ జుట్టుకి హైలైట్స్ ఆలోచన మానుకోవాలి. రీబాండింగ్ చేయించిన జుట్టు విషయంలోనూ నా సలహా ఇదే. టోనర్‌కీ, రంగుకీ 48 గంటల ముందు చెవి వెనక ప్యాచ్ టెస్ట్ తప్పనిసరి. అన్నట్టు, తలనీలాల మొక్కు ఉన్నవాళ్లు అది తీర్చుకున్నాకే ఈ ఖర్చు పెట్టుకోండి, ఆ తర్వాత వచ్చే కొత్త జుట్టుకి ఏ రంగు చరిత్రా ఉండదు.

దీర్ఘకాలంలో ఏం జరుగుతుందన్నది ఎవరూ సరిగ్గా చెప్పరు. మొదటి నెల సెలూన్‌లో చూసిన రంగు ఉంటుంది. రెండో నెలలో టోనర్ పోయి వెచ్చదనం పెరుగుతుంది. మూడు నాలుగు నెలలకి, పాయలు సన్నగా ఉంటే, నిజంగా బాగుంటుంది, కుదుళ్లు నల్లగా దిగి చివర్లు ఎండకి తేలినట్టుంటాయి. ఏడాది దాటాక చివర్లలో రంగు కన్నా పొడిబారడమే ముందు కనిపిస్తుంది. అప్పుడు రెండు అంగుళాలు కత్తిరించడమే మందు.

ఈ లెక్కను తారుమారు చేసేవి నీళ్లు. హైదరాబాద్ శివారు అపార్టుమెంట్లలో బోరు, ట్యాంకర్ నీళ్లతో తలస్నానం చేసేవాళ్లకి లవణాలు పేరుకుని మెరుపు పోతుంది, ఇనుము ఎక్కువున్న నీళ్లకి ఎర్రబారుతుంది. రెండు మూడు వారాలకోసారి ఆ లవణాలను వదిలించే కీలేటింగ్ షాంపూ, మిగతా రోజుల్లో ఆఖరున ఒకటి రెండు చెంబుల ఆర్వో నీళ్లు పోసుకోవడం బాగా పనిచేస్తాయి. పర్పుల్ షాంపూ మన లెవెల్స్‌కి దండగ, అది పసుపును తగ్గిస్తుంది. నారింజకి కావలసింది నీలం షాంపూ, మ్యాట్రిక్స్ బ్రాస్ ఆఫ్ లాంటిది, పది రోజులకోసారి రెండు మూడు నిమిషాలు. కారమెల్ కావాలని వేయించుకున్నవాళ్లకి అదీ అక్కర్లేదు.

కొబ్బరినూనె మానాల్సిన పనిలేదు. రంగు తీసేది నూనె కాదు, ఆ జిడ్డు వదలడానికి రెండు మూడుసార్లు రుద్దే ఘాటైన షాంపూ. స్నానానికి గంట ముందు చివర్లకి కొద్దిగా రాస్తే చాలు. కుంకుడుకాయ రసానికి బ్లీచ్ అయిన పోచలు బిరుసెక్కి చిక్కులు పడతాయి, వాడితే పైన నెత్తికే పరిమితం చేసి చివర్లకి కండిషనర్ పెట్టుకోవాలి. పసుపుతో జాగ్రత్త. నలుగు పెట్టుకున్నప్పుడు ముఖం చుట్టూ ఉన్న లేత పాయలు పసుపు పట్టేస్తాయి, ముందుగా వాటికి నూనో కండిషనరో పూసి వెనక్కి కట్టుకుంటే అంటదు. హోలీకీ అదే ఉపాయం. మళ్లీ గోరింటాకు పెడితే ఆ పాయలే భగ్గుమని నారింజవుతాయి. స్ట్రెయిటెనర్ 180 డిగ్రీలు దాటిస్తే టోనర్ త్వరగా దిగిపోతుంది. ఓలాప్లెక్స్ నంబర్ 3 (జుట్టు లోపల తెగిన బంధాలను అతికించే బాండ్ ట్రీట్‌మెంట్) వారానికోసారి తడిజుట్టుకి కనీసం పది నిమిషాలు ఉంచితే తెగడం తగ్గింది, మెత్తదనం మాత్రం కండిషనర్‌తోనే వస్తుంది.

కణతల దగ్గర తెల్లవెంట్రుకలు అక్కడక్కడా మొదలైనవాళ్లకి హైలైట్స్ అందరికన్నా ఎక్కువ ఉపయోగం. నల్లరంగు వేస్తే మూడు వారాలకి తెల్లటి గీత కనిపిస్తుంది. సన్న హైలైట్స్ మధ్య అవే తెల్లవెంట్రుకలు ఇంకో లేత పాయలా కలిసిపోతాయి. తెలుపు మూడో వంతు దాటితే ఈ మాయ పనిచేయదు, కింద ముదురు పాయలు, అంటే లోలైట్స్ కలపాలి. మధ్యలో తొందరపడి ఇంట్లో నల్ల ప్యాకెట్ రంగు పూస్తే అది కిందికి జారి పాయలన్నిటినీ మింగేస్తుంది.

ధర అడిగేటప్పుడు టోనర్, బాండ్ ట్రీట్‌మెంట్, బ్లో డ్రై కలిపా విడిగానా అని, పాయకి లెక్కా జుట్టు పొడవుకి లెక్కా అని ముందే తేల్చుకోండి. పాయకి లెక్క కట్టేచోట మందపు పాయలు తక్కువ పెట్టి సరిపెట్టుకుందామన్న ఆశ మనకే పుడుతుంది. రెండోసారికి ఐదారు నెలలు ఆగొచ్చు. అప్పుడు తల మొత్తం అక్కర్లేదు, పాపిట వెంట, ముఖం చుట్టూ మాత్రం కొత్త ఫాయిల్స్ పెట్టి మిగతాదానికి టోనర్ వేయమనాలి. ఇదివరకు తేలిన పాయ మీద మళ్లీ బ్లీచ్ పడకుండా కొత్తగా పెరిగిన మేరకే పూయమని అడగండి. జుట్టు తెగిపోవడం చాలామందికి మొదలయ్యేది ఆ అతుకు దగ్గరే.